దేశోద్ధారక నాగేశ్వరరావు

సికింద్రాబాదునందలి మోండా మార్కెట్టు మిక్కిలి సందడిగల అంగడి. కూరగాయలు, వెచ్చములు, దినుసులు కొనుటకు జనులు అచ్చట గుమిగూడుచుందురు. ఇట్టి అంగళ్ళలో చిన్న సీసాలలో లభించు తలనొప్పి మందు అమృతాంజనము. ఆ పసుపువన్నె లేపనము నెరుగని తెలుగు కుటుంబము అరుదు. దానిని లోకమున కొసగిన మహనీయుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు.

ఆయన 1867వ సంవత్సరమున కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు గ్రామమున జన్మించెను. బందరులో చదివి, పిమ్మట మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడయ్యెను. ఆ దినములలో పట్టము పొందినవారు సర్కారు కొలువునే కోరుచుండిరి. నాగేశ్వరరావు మాత్రము వర్తకమువైపు మొగ్గెను. కలకత్తాలో కొంతకాలముండి, బొంబాయి చేరి ఒక వర్తకశాలలో పనిచేసెను. 1893లో అచ్చటనే అమృతాంజనమును తయారుచేసి అమ్మనారంభించెను.

క్రొత్త మందును జనులు వెంటనే నమ్మరు. అందుచే ఆయన సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టించెను. వాడిచూచినవారు దాని గుణమునెరిగి, పిదప తామే కొనసాగిరి. అనతికాలముననే ఆ మందు దేశమంతట వ్యాపించెను. సంపద చేకూరెను.

సంపద చేకూరినవారు పెక్కురు కలరు. దాని నేమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము వెదకినవారు కొందరే. దూరదేశమున నున్నను నాగేశ్వరరావు తెలుగువారిని మరువలేదు. మాతృభాషలో దేశవార్తలు తెలియనిదే ప్రజలు మేల్కొనరని ఆయన తలంచెను. 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించెను. 1914లో దానిని మదరాసునకు తరలించి దినపత్రికగా మార్చెను. 1924లో భారతి యను సాహిత్య మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించెను. మందు తెచ్చిన ధనము ఇట్లు అక్షరములకు అండయయ్యెను.

ఆయన ధనము నిచ్చి తాను దూరముగా నిలిచినవాడు కాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని, అరువది యేండ్లు దాటిన వయసున చెరసాలకేగెను. సుఖముగా నింట నుండగల ధనికునకు అది సామాన్యమైన త్యాగము కాదు.

ఆంధ్రరాష్ట్ర మేర్పడవలెనని ఆయన చిరకాలము పాటుపడెను. అయితే ప్రత్యేక రాష్ట్రమున తమకు అన్యాయము జరుగునేమోయని రాయలసీమవారు శంకించిరి. 1937 నవంబరులో ఉభయ ప్రాంతముల నాయకులు మదరాసులోని ఆయన గృహమైన శ్రీబాగున సమావేశమై ఒడంబడిక చేసికొనిరి. అదియే శ్రీబాగు ఒడంబడిక. మరుసటి సంవత్సరము, 1938 ఏప్రిలులో, నాగేశ్వరరావు కన్నుమూసెను. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమును ఆయన చూడలేకపోయెను.

ప్రజలు ఆయనను దేశోద్ధారకుడనియు, విశ్వదాతయనియు కీర్తించిరి. వర్తకమున లాభము గడించుట తప్పు కాదు. ఆ లాభము తనయొద్దనే నిలిచిపోవుటయే లోపమని ఆయన జీవితము చాటుచున్నది. అంగడిలో ఆ చిన్న సీసా కంటబడినపుడు, దాని వెనుకనున్న పెద్ద మనసును బాలబాలికలు స్మరింపవలెను.