పట్టా లేకుండా తిరిగివచ్చిన విద్యార్థిని

విద్యార్థి సంఘం వారు ఈ యేటి సంచికకు ఏదైనా వ్రాసి పంపమన్నప్పుడు, పాత విద్యార్థిగా నా జ్ఞాపకాలు ఏకరువు పెట్టటం నాకిష్టం లేకపోయింది. అవి నాకు తప్ప ఇంకెవరికీ అంత ముచ్చటగా వుండవు. వాటికి బదులు, మనం రోజూ పేరు చూస్తూ, మనిషిని చూడకుండా దాటిపోయే ఒకావిడ గురించి నాలుగు మాటలు చెబుదామనిపించింది. గచ్చిబౌలిలోని మన ప్రాంగణంలో కళలు, కమ్యూనికేషన్ విభాగం ఆమె పేరుమీదే వుంది. సరోజినీ నాయుడు. భారత కోకిల అనీ, కాంగ్రెస్ అధ్యక్షురాలు అనీ, గవర్నరు అనీ స్కూలు రోజుల నుంచీ వింటున్నదే కదా అంటారేమో. నేను చెప్పదలచుకున్నది ఆ సంగతి కాదు. పదహారేళ్ల వయస్సులో స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు వెళ్లి, మూడేళ్లుండి, చేతిలో పట్టా లేకుండా తిరిగివచ్చిన హైదరాబాదు పిల్ల సంగతి.

కారణం లేకపోలేదు. ఒక సెమిస్టరో, ఒక సంవత్సరమో విదేశీ విశ్వవిద్యాలయంలో చదివి రావటం ఇప్పుడు మనవాళ్లకు అందుబాటులోకి వచ్చిన విషయం. అక్కడి పిల్లలూ వచ్చి మన తరగతుల్లో కూర్చుని వెళ్తున్నారు. హైటెక్ సిటీ దారి పొడవునా విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులే. వెళ్లాలా వద్దా అని నన్ను సలహా అడిగే పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ సంపాదించిన క్రెడిట్లు ఇక్కడ లెక్కకు వస్తాయా అని. న్యాయమైన ప్రశ్నే, ఫీజు కట్టేది వాళ్ల నాన్నగారు కదా. కానీ ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు సరోజిని గుర్తొస్తుంది. ఆ లెక్కన చూస్తే ఆమెకు వచ్చిన క్రెడిట్లు సున్న.

ఆ కుటుంబానికి విదేశీ చదువు కొత్త కాదు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలు నుంచి స్కాలర్‌షిప్ మీద వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయంలో సైన్సులో డాక్టరేటు పుచ్చుకున్నవాడు. తిరిగి వచ్చాక హైదరాబాదు సంస్థానంలో ఇంగ్లీషు చదువుకు పునాది వేసినవారిలో ముఖ్యుడు. ఈనాటి నిజాం కాలేజీ ఆయన చేతిలో పెరిగిందే. మనిషి మాత్రం ఒట్టి మేష్టారు కాదు. 1883లో చాందా రైల్వే వ్యవహారంలో ప్రభుత్వానికి ఎదురు మాట్లాడినందుకు ఆయన్ను సంస్థానం నుంచి పంపించివేశారు, తర్వాత మళ్లీ పిలిపించుకున్నారు. తల్లి వరదసుందరీ దేవి. ఎనిమిదిమంది పిల్లల్లో పెద్దది సరోజిని, 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టింది. (పదహారేళ్ల పిల్లను ఆవిడ, గారు అనటం నాకు చేతకాదు. పెళ్లయ్యేదాకా ఏకవచనంలోనే వ్రాస్తాను, పెద్దలు క్షమించాలి.)

తొమ్మిదేళ్లప్పుడు ఇంగ్లీషు మాట్లాడనని మొండికేస్తే తండ్రి ఒక రోజంతా గదిలో పెట్టి తలుపు వేశాడట. బయటకు వచ్చాక ఆయనతో ఇంగ్లీషులో తప్ప మాట్లాడలేదు. తల్లి మాత్రం పిల్లతో హిందుస్తానీలోనే మాట్లాడేది. పన్నెండేళ్లకు మద్రాసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పాసయింది. కూతుర్ని లెక్కలదాన్నో సైంటిస్టునో చెయ్యాలని ఆయన ఆశ. పదకొండేళ్లప్పుడు ఒక ఆల్జీబ్రా లెక్క ఎంతకీ తేలక కూర్చుంటే, లెక్క రాలేదు గానీ పద్యం వచ్చిందట. ఆ తర్వాత వందల కొద్దీ పంక్తులు వ్రాసిపారేసింది, ఆరోగ్యం కూడా అప్పుడే పాడుచేసుకుంది.

ఇక్కడినుంచే అసలు కథ. పదిహేనేళ్ల వయస్సులో డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని చేసుకుంటానంది. ఆయనా ఎడింబరోలో వైద్యం చదివి వచ్చినవాడే, మంచి కుటుంబం. కానీ బ్రాహ్మణుడు కాదు. బ్రహ్మసమాజపు ఇల్లే అయినా అభ్యంతరం వచ్చింది, అటువైపు వాళ్లూ ఒప్పుకోలేదు. 1895లో నిజాం ఆరవ మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన ప్రత్యేక స్కాలర్‌షిప్‌తో పిల్లను ఇంగ్లండు పంపించారు. జీవిత చరిత్రల్లో ఈ ముక్క ఉన్నత విద్యకై ఇంగ్లండు వెళ్లెను అని ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఆమె ఇష్టపడి వెళ్లలేదు. సంబంధం మరిచిపోతుందని దూరం పంపటం మన ఇళ్లల్లో అప్పటికీ ఇప్పటికీ వున్న పద్ధతే. స్కాలర్‌షిప్ అనగానే అదృష్టం అనుకుంటాం గానీ, అది ఎవరికి ఎందుకు అనుకూలపడిందో కూడా చూడాలి.

లండన్‌లో ఆమెకు ఆసరాగా నిలిచినావిడ మిస్ మానింగ్. ఇండియా నుంచి చదువుకు వచ్చిన పిల్లల బాగోగులు చూడటం ఆమె పెట్టుకున్న పని. ఈనాటి మాటల్లో చెప్పాలంటే ఒక మనిషే మొత్తం అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసన్నమాట. సరోజిని మొదట చేరింది కింగ్స్ కాలేజీలో. ఆ కాలేజీ ఆడవాళ్ల విభాగం మగపిల్లలున్న ప్రధాన భవనంలో కాదు, విడిగా కెన్సింగ్టన్‌లో వుండేది. తర్వాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కాలేజీకి వెళ్లింది. అక్కడా తరగతుల మీద ఆమె మనస్సు నిలిచినట్టు కనిపించదు. ఆరోగ్యం మళ్లీ దెబ్బతిన్నది. మధ్యలో కొంతకాలం ఇటలీలో తిరిగింది. గోవిందరాజులు గారికి ఉత్తరాలు వ్రాస్తూనే వుంది. ఉత్తరం చేరటానికి వారాలు పట్టే రోజులవి, వాట్సాప్‌లో నీలం గీతలు రాలేదని అలిగే కాలం కాదు.

పట్టా రాలేదన్నాను. కానీ ఈ సంగతి పక్కనే ఇంకొకటి పెట్టి చూడాలి. ఆమె ఇంగ్లండులో వున్న కాలంలోనే, 1897 మే నెలలో, ఆడపిల్లలకు కేంబ్రిడ్జి డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని వోటింగు జరిగింది. అప్పటికి గిర్టన్ పిల్లలు పాఠాలు వినవచ్చు, పరీక్ష వ్రాయవచ్చు, మగవాళ్లను మించి మార్కులు తెచ్చుకోవచ్చు. డిగ్రీ మాత్రం ఇవ్వరు. వోటింగు రోజున మగ విద్యార్థులు సైకిలెక్కిన ఆడపిల్ల బొమ్మను వీధిలో వేలాడదీసి గోల చేశారు. ప్రతిపాదన భారీ తేడాతో ఓడిపోయింది. కాబట్టి సరోజిని ఆరోగ్యంగా వుండి, చివరిదాకా చదివి, మొదటి శ్రేణిలో పాసయినా ఆమెకు కేంబ్రిడ్జి పట్టా వచ్చేది కాదు. మన సంస్థానం డబ్బిచ్చి పంపిన చోట, తీసుకోవటానికి పట్టానే లేదు. ఆమె చదువు పూర్తి చెయ్యలేకపోయిందని నొసలు చిట్లించేవారు ఈ మాట కలిపి చెప్పరెందుకో!

మరి ఆ మూడేళ్లలో దొరికిందేమిటి? దొరికింది తరగతి గది బయట. మిస్ మానింగ్ పరిచయాల వల్ల లండన్ సాహిత్యం మనుషులు తెలిశారు. వాళ్లలో ఎడ్మండ్ గాస్ అప్పటికి పెద్ద విమర్శకుడు. తన పద్యాల కట్ట తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది. ఛందస్సులో తప్పు లేదు, భాషలో తప్పు లేదు. కానీ అంతా టెన్నిసన్, షెల్లీల నీడ. ఇంగ్లీషు పిట్టలు, ఇంగ్లీషు పూలు, చర్చి గంటలు. మూసీ ఒడ్డున పెరిగిన పిల్ల కవిత్వంలో మూసీ లేదు. ఇవన్నీ చెత్తబుట్టలో వేసి, నీ దేశం కొండలూ తోటలూ గుళ్లూ మనుషులూ వ్రాయమని ఆయన సలహా ఇచ్చాడు. ఆ పిల్ల నొచ్చుకోలేదు, ఆ మాట పట్టుకుంది.

ఈ సలహా గురించి నాకు ఎప్పుడూ రెండు మనస్సులు. ఒక పక్క చూస్తే, హైదరాబాదును చూడటానికి ఆమె అయిదువేల మైళ్లు వెళ్లవలసి వచ్చింది. బజారులో గాజులమ్మేవాళ్లు, పల్లకీ బోయీలు, నాంపల్లి సాయంత్రాలు, ఇవి పుట్టినప్పటి నుంచీ కిటికీ అవతల వున్నవే. కింగ్స్ కాలేజీ మెట్లెక్కిన తర్వాతగానీ అవి కవిత్వం కాలేదు. ఇంకో పక్క చూస్తే, గాస్ అడిగింది ఇండియానా, లేక ఇంగ్లీషు పాఠకుడికి నచ్చే ఇండియానా? ఆమె కవిత్వంలో పాములవాళ్లూ, పల్లకీలూ, అత్తరు వాసనలూ ఎక్కువైనాయనీ, చెమట వాసన తక్కువనీ తర్వాతి తరం విమర్శకులు అన్నది ఊరికే కాదు. పరాయి చోట చదివే ప్రతివాడికీ ఈ చిక్కు వుంటుంది. నీ ఊరి గురించి చెప్పమంటారు, చెబితే వాళ్లకు కావలసిన ముక్క మీద మాత్రం తలాడిస్తారు. మన పిల్లలు పొంగల్ స్టాలు పెట్టి, చీర కట్టి, కూచిపూడి అడుగు వేసి వచ్చే సాంస్కృతిక సాయంత్రాలు నాకు ఈ చిక్కునే గుర్తుచేస్తాయి. సరోజిని ఈ చిక్కు కవిత్వంలో విప్పుకోలేదనే నా అభిప్రాయం. విప్పుకున్నది వేదిక మీద.

1898 సెప్టెంబరులో హైదరాబాదు తిరిగివచ్చింది. ఏ పని మరిచిపోతుందని పంపారో ఆ పని మూడు నెలల్లో చేసింది. డిసెంబరు 2న మద్రాసులో, 1872 నాటి వివాహ చట్టం కింద, గోవిందరాజులు గారితో పెళ్లి జరిగింది. జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. వితంతు వివాహాలకు రాళ్ల దెబ్బలు తిన్న మనిషికి కులాంతరం ఒక లెక్కా! అక్కడ ఇంట్లోవాళ్ల మాట నెగ్గనివ్వని ఆ ధైర్యం ఆమెకు ముందే వుందో, ఇంగ్లండులో గట్టిపడిందో చెప్పటం కష్టం. రెండూ నిజం కావచ్చు.

ఇదే ఇంట్లోంచి ఇంకో పిల్లవాడు కూడా కొన్నేళ్ల తర్వాత లండన్ వెళ్లాడు. తమ్ముడు వీరేంద్రనాథ్. ఐ.సి.యస్. చదవటానికి వెళ్లి విప్లవకారుడైనాడు. లండన్ నుంచి పారిస్, బెర్లిన్, చివరికి సోవియట్ రష్యా. 1937లో స్టాలిన్ కాలపు హింసలో ప్రాణం పోయింది. మళ్లీ హైదరాబాదు చూడలేదు. విదేశీ చదువు అందరినీ ఒకే గట్టుకు చేర్చదు.

తర్వాతి కథ అందరికీ తెలిసినదే గనుక పరుగెత్తుతాను. గోవిందరాజులు గారు నిజాం సైన్యంలో వైద్యాధికారి. నలుగురు పిల్లలు. 1905లో మొదటి కవితా సంపుటి ది గోల్డెన్ థ్రెషోల్డ్ లండన్‌లోనే అచ్చయింది. 1912లో రెండోది ది బర్డ్ ఆఫ్ టైమ్, దానికి ముందుమాట ఆ గాసే. 1908లో మూసీ వరదలొచ్చి ఊరు కొట్టుకుపోతే ఆమె సహాయ కార్యక్రమాల్లో ముందు నిలిచారు. ప్రభుత్వం కైసరీ హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలా బాగ్ తర్వాత దాన్ని తిరిగి ఇచ్చేశారు.

లండన్‌కు మాత్రం మళ్లీ మళ్లీ వెళ్లారు, ప్రతిసారీ వేరే హోదాలో. 1914లో గాంధీ గారిని మొదటిసారి చూసింది అక్కడే, కెన్సింగ్టన్‌లోని ఒక బసలో. నేలమీద కూర్చుని చెక్క గిన్నెలో ఏదో చప్పిడి తిండి తింటున్నారట ఆయన. చూసి నవ్వేశారట ఆమె. తను పిల్లగా పాఠాలు విన్న పేట అదే. 1919లో భారతీయ స్త్రీలకు వోటు హక్కు కావాలని పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. తండ్రి గదిలో పెట్టి నేర్పించిన ఇంగ్లీషు ఆ రోజు పనికొచ్చింది. కవిత్వంలో వాళ్లకు నచ్చే ఇండియాను ఇచ్చినావిడ, ఇక్కడ వాళ్లకు నచ్చని ఇండియాను తెచ్చి బల్లమీద పెట్టారు. 1925లో కాన్పూరు కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు, భారతీయ స్త్రీలలో మొదటగా. 1928లో అమెరికా వెళ్లి ఊరూరా ఉపన్యసించారు. 1930 మే నెలలో ధరాసనలో ఉప్పు సత్యాగ్రహులకు నాయకత్వం వహించి జైలుకు వెళ్లారు. మరుసటి యేడు రౌండ్ టేబుల్ సమావేశానికి మళ్లీ లండనే. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధం.

1947 ఆగస్టు 15న సంయుక్త రాష్ట్రాల గవర్నరైనారు, దేశంలో మొదటి మహిళా గవర్నరు. ఆమె లక్నో రాజభవనంలో వుండగానే, 1948లో, కేంబ్రిడ్జి వారు ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వటానికి ఒప్పుకున్నారు. గిర్టన్ వదిలి అప్పటికి యాభై యేళ్లు. 1949 మార్చి 2న అక్కడే కన్నుమూశారు.

హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద వాళ్ల ఇల్లుంది. పుస్తకం పేరే ఇంటికీ పెట్టుకున్నారు, గోల్డెన్ థ్రెషోల్డ్ అని. కూతురు పద్మజా నాయుడు గారు దాన్ని మన విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1974లో విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు గచ్చిబౌలి అంటే బండరాళ్లూ, సీతాఫలం చెట్లూ. సైబర్ టవర్స్ లేచింది 1998లో, ఆ పిల్ల ఓడ దిగి ఇల్లు చేరిన వందేళ్లకు. అంతకు చాలా ముందు, మనకంటూ ఒక భవనం లేని రోజుల్లో, మొదటి తరగతులు జరిగింది నాంపల్లిలోని ఆ ఇంట్లోనే.