యోగిని తరిగొండ వెంగమాంబ

టెక్సాసు రాష్ట్రంలోని ప్లేనో నగరంలో స్థిరపడిన మనవారికి యోగమనగానే చాప, ఆసనాలు, ఒక గంట వ్యాయామం స్ఫురించడం సహజమే. భక్తి గుడికి, జ్ఞానం గ్రంథానికి, యోగం వ్యాయామశాలకు చెందినవని మనం విడదీసి చూస్తున్నాము. ఆ మూడింటినీ ఒకే జీవితంలో సాధించిన తెలుగు యోగిని తరిగొండ వెంగమాంబ.

ఆమె 1730లో, నేటి ఆంధ్రప్రదేశ్‌లోని తరిగొండ గ్రామంలో కృష్ణయ్య, మంగమ్మ దంపతులకు జన్మించారు. ఊరి దైవమైన లక్ష్మీనరసింహస్వామిని బాల్యం నుండి సేవించారు. చిన్న వయస్సులోనే వివాహమైనది. భర్త అచిరకాలంలోనే మరణించారు. వితంతువు తల గొరిగించుకొని, బొట్టును విడువవలెనన్నది నాటి ఆచారం. వెంగమాంబ అంగీకరించలేదు. శ్రీవేంకటేశ్వరుడే తన పతియని భావించి, ముత్తైదువ చిహ్నాలను నిలుపుకొన్నారు. అందుకు ఎన్నో నిందలు భరించవలసివచ్చినది.

మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువై యోగవిద్యను ఉపదేశించారు. సంఘం కాదన్నవేళ, ఎవరూ లాగుకొనలేని ధనం ఆమెకు దొరికినదని నాకు తోస్తుంది. ఊపిరిని నిలిపి మనస్సును నిలుపుటకు ఊరి అనుమతి అక్కరలేదు కదా!

తరువాత ఆమె తిరుమల చేరారు. కొండలలోని తుంబురు కోనలో ఏకాంతంగా యోగసాధన చేశారని భక్తులు చెప్పుకొంటారు. అయినా ఆమె మౌనంలో మిగిలిపోలేదు. రాజయోగామృతసారము, వాసిష్ఠ రామాయణము, వేంకటాచల మాహాత్మ్యము మొదలైన గ్రంథాలు రచించారు. వాసిష్ఠ రామాయణానికి ఆధారం సంస్కృతంలోని యోగవాసిష్ఠం. మనస్సు శాంతించుటకు యోగము, జ్ఞానము అను రెండు దారులున్నవనీ, ఒకరికి ఒకటి కష్టమైతే మరొకరికి రెండవది కష్టమనీ ఆ గ్రంథం బోధిస్తుంది. ఏ దారినీ తక్కువ చేయదు. ఈ గంభీరమైన విషయాన్ని వెంగమాంబ ద్విపదలో చెప్పారు. ద్విపద రెండేసి పాదాల తెలుగు ఛందస్సు, పాడుకొనుటకు సులువు. సంస్కృతం రానివారికి కూడా యోగశాస్త్రం అందవలెనన్న సంకల్పం అందులో కనిపిస్తుంది. తెలుగును మరల నేర్చుకొంటున్న మనకు ఇది చిన్న విషయం కాదు.

ఆమె 1817లో పరమపదించారు. అటుపై 17 సంవత్సరాలకు, 1834లో, ఒప్పంద కూలీల ఓడలు మారిషస్ చెరకుతోటలకు బయలుదేరాయి. ఆమె సమాధి తిరుమలలోనే ఉన్నది. నేటికీ రాత్రి ఏకాంతసేవ వేళ స్వామికి ఆమె పేరిట ముత్యాలహారతి ఇస్తారు.