సర్ హెన్రీ నారిస్: జట్టుకు ఊరు మార్చిన దొర

ఆర్సెనల్ అను ఫుట్‌బాలు జట్టు పేరు నేటి విద్యార్థులలో పెక్కుమందికి సుపరిచితము. ఆ మాటకు ఆయుధాగారమని అర్థము. ఉత్తర లండనులో ఇండ్ల వరుసల నడుమ వెలసిన యొక జట్టుకు ఆయుధాగారముతో సంబంధమెట్లు కలిగినదని ఆలోచించువారు తక్కువ. ఆ సంబంధము ఒకప్పుడు నిజమైనదే. అది 1913వ సంవత్సరమున తెగిపోయినది. దానిని తెంచినవాడు ఇండ్లు కట్టి అమ్ముకొను ఒక వ్యాపారి. ఆయన పేరు హెన్రీ నారిస్.

నారిస్ 1865వ సంవత్సరము జూలై నెలలో దక్షిణ లండనులోని కెన్నింగ్టన్ పేటలో ఒక సామాన్య కుటుంబమున జన్మించెను. పదునాలుగవ యేటనే చదువు మాని ఒక న్యాయవాదుల కార్యాలయమున పనికి కుదిరెను. అచ్చట సుమారు పదునెనిమిది సంవత్సరములు దస్తావేజులతో, కౌలుపత్రములతో కాలము గడపెను. ఈ విద్య ఆయనకు తరువాత మిక్కిలి అక్కరకు వచ్చినది. ఆ కొలువు విడిచి అలెన్ అను భాగస్వామితో గూడి ఇండ్ల నిర్మాణమునకు పూనుకొనెను. లండను నగరము పడమటి దిక్కునకు శీఘ్రముగా వ్యాపించుచున్న కాలమది. ఫుల్హామ్, వింబుల్డన్ ప్రాంతములలో వీరి సంస్థ వీధులకు వీధులే కట్టినది. ధనముతో పాటు పలుకుబడియు వచ్చెను. 1909 మొదలు 1919 వరకు నారిస్ ఫుల్హామ్ పురపాలక సంఘమునకు మేయరుగా నుండెను.

ఇండ్లు కట్టువానికి ఫుట్‌బాలుతో పనియేమి యని అడుగవచ్చును. ఆ రోజులలో ఇంగ్లండునందు పేటకొక జట్టు వెలయుచుండెను. శనివారము మధ్యాహ్నము కర్మాగారములు మూతపడగానే వేలకొలది శ్రామికులు ఆట చూడబోవుచుండిరి. జట్టునకు పెద్దయైనవానిని పేటలో ఎరుగనివారుండరు. నారిస్ ఫుల్హామ్ జట్టు నిర్వాహకులలో చేరి, 1903 నాటికి అధ్యక్షుడాయెను. ఆయన హయాములో ఆ జట్టు దక్షిణ లీగులో రెండుమారులు ప్రథమస్థానము పొంది, 1907లో దేశీయ లీగు రెండవ శ్రేణిలో ప్రవేశించినది. ఈ కాలముననే గస్ మియర్స్ అను నాతడు స్టాంఫర్డ్ బ్రిడ్జి మైదానమును ఫుల్హామ్ జట్టుకు అద్దెకిచ్చెదనని వచ్చెను. అద్దె ఎక్కువయని నారిస్ కాదనెను. మియర్స్ పట్టుదలతో ఆ మైదానము కొరకే 1905లో క్రొత్త జట్టు నొకదానిని స్థాపించెను. అదియే చెల్సీ. ఒక అద్దె బేరము చెడి, లండనులో మరియొక ప్రసిద్ధ జట్టు పుట్టినదన్నమాట.

ఇక ఆయుధాగారపు జట్టు సంగతి. థేమ్సు నదికి దక్షిణపుటొడ్డున, నగరమునకు తూర్పుగా ఊలిచ్ అను పేట కలదు. బ్రిటిషు ప్రభుత్వపు ఫిరంగులు, మందుగుండు తయారగు రాజకీయాయుధాగారము అచ్చట నుండెడిది. 1886లో డేవిడ్ డాన్‌స్కిన్ అను స్కాట్లండు కార్మికుడును, పదునైదుగురు తోడి పనివారును ఆరేసి పెన్నీల చొప్పున చందా వేసికొని ఒక బంతి కొనిరి. తొలి యెర్రచొక్కాలు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్టువారు దయతో పంపినవి. ఈ కార్మికుల జట్టు 1891లో వృత్తి ఆటగాండ్ర జట్టుగా మారి, 1893లో దేశీయ లీగులో చేరెను. దక్షిణ ఇంగ్లండునుండి ఆ లీగున చేరిన మొదటి జట్టు ఇదియే. 1904లో మొదటి శ్రేణికెక్కెను. ఎదురులేకుండ సాగవలసిన కథ ఇది. కాని సాగలేదు.

కారణములు సులభముగానే తెలియును. లండను నడిబొడ్డునుండి ప్లమ్‌స్టెడ్‌లోని వారి మైదానమునకు పోవుట పెద్ద ప్రయాస. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము జరిగిన సంవత్సరములలో ఆయుధాగారపు పనివారికి శనివారము సెలవే లేకపోయెను. జట్టును పుట్టించిన కర్మాగారమే ప్రేక్షకులను మ్రింగివేసినది. అంతలో చెల్సీ, ఫుల్హామ్, టాటెన్‌హామ్ జట్లు ఒకదాని తరువాత ఒకటిగా లీగులో చేరెను. రైలు దిగగానే చూడదగిన ఆట దగ్గరలో నుండగా దూరపు ప్లమ్‌స్టెడ్‌కు ఎవరు పోవుదురు? 1910 నాటికి క్లబ్బు అప్పులలో మునిగి, ఆస్తులు తేల్చి మూసివేయవలసిన స్థితికి వచ్చెను. ఊలిచ్ వాసులు వాటాలు కొని నిలుపుకొనవలసినదని పిలుపు వచ్చినను చాలినంత సొమ్ము చేరలేదు. ఈ సంగతి మరువరాదు. తరువాత నారిస్‌ను నిందించినవారిలో ఆనాడు వాటా కొననివారును ఉండియే యుందురు.

ఆ సమయమున నారిస్ తన మిత్రుడు విలియం హాల్‌తో కలసి ముందుకు వచ్చి క్లబ్బును స్వాధీనపరచుకొనెను. ఫుల్హామ్‌ను, ఊలిచ్‌ను ఒక్కటి చేయవలెనని ఆయన మొదటి తలంపు. లీగు ఒప్పుకొనలేదు. రెండు జట్లును ఒకే మైదానమున వారము విడిచి వారము ఆడుననెను. దానికిని ఒప్పుకొనలేదు. 1912-13 సీజనులో ఊలిచ్ జట్టు 38 ఆటలాడి మూడింట మాత్రమే గెలిచి, 18 పాయింట్లతో అడుగున పడి రెండవ శ్రేణికి దిగజారెను. నారిస్ మనస్సున జట్టును కదలించుట యొక్కటే మార్గమని తోచెను.

ఆయన స్థలమును వెదకిన తీరు ఇండ్ల వ్యాపారి తీరే. పచ్చిక ఎట్లున్నదని చూడలేదు, రైలు ఎక్కడ ఆగునని చూచెను. ఉత్తర లండనులోని హైబరీలో సెయింట్ జాన్స్ అను క్రైస్తవ మతవిద్యా కళాశాలకు ఒక క్రీడాస్థలముండెను. దానికి అడుగుల దూరమున గిలెస్పీ రోడ్డు అను భూగర్భ రైలు స్టేషను 1906లో తెరువబడినది. నగరమధ్యమునుండి కొన్ని నిమిషములలో వచ్చి దిగవచ్చును. కళాశాలవారితో 21 సంవత్సరముల కౌలు కుదిరినది. మొత్తము 20,000 పౌన్లు. క్రిస్మసు దినమునను, గుడ్ ఫ్రైడే నాడును ఆటలు జరుగరాదనియు, మైదానమున మద్యము అమ్మరాదనియు నియమములు చేర్చబడెను. కౌలుపత్రముపై కాంటర్‌బరీ ఆర్చిబిషప్పే చేవ్రాలు చేసెనని చెప్పుదురు.

వార్త పొక్కగానే అలజడి రేగెను. నాలుగు మైళ్ళ దూరముననున్న టాటెన్‌హామ్‌వారు తమ ప్రేక్షకులను దోచుకొనుటకే ఈ పన్నాగమని మొఱపెట్టిరి. క్లాప్టన్ ఓరియంట్‌వారు వంత పాడిరి. ప్రశాంతముగానున్న తమ వీధులు అల్లరిమూకలకు దారియగునని హైబరీ గృహస్థులు భయపడిరి. లీగు కార్యవర్గము ఇరుపక్షముల వాదము విని, క్లబ్బు తన మైదానమును మార్చుకొనుటను ఆపు అధికారము తమకు లేదని తేల్చెను. చట్టము నెరిగిన నారిస్ మొదటినుండి నమ్మినదియు నిదియే. తగవులో లెక్కకు రానివారు ఊలిచ్ కార్మికులొక్కరే. స్థానిక పత్రికలకు ఉత్తరములు వ్రాయుట తప్ప వారికి వేరు దారి లేకపోయెను.

వారి పక్షమున ఒక్క మాట చెప్పవలెను. జట్టుపై కాగితము ప్రకారము హక్కు వాటాదారులదే. కాని ఇరువదియేడు సంవత్సరములు వానలో, మంచులో నిలిచి కేకలు వేసినవారికి ఏ హక్కును లేదా? ఈ ప్రశ్న ఇంగ్లండున నేటికిని తీరలేదు. 2003లో వింబుల్డన్ జట్టును యాబది మైళ్ళకు పైగా దూరముననున్న మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలించిరి. అభిమానులు అందుకు లొంగక, తరలింపు నిశ్చయమైన 2002లోనే తమ సొంత జట్టును స్థాపించుకొని, అట్టడుగు శ్రేణులనుండి మరల లీగు వరకు ఎదుగజేసిరి. ఊలిచ్‌వారికి అట్టి బలము లేదు. వారి జట్టు పది పన్నెండు మైళ్ళు మాత్రమే కదలినది. అయినను నదికి ఆవలి యొడ్డు. శనివారము పని దిగి వచ్చు కూలివానికి అది పరదేశమే.

1913 వేసవిలో హైబరీ నేలను చదును చేసి, ప్రసిద్ధ నిర్మాత ఆర్చిబాల్డ్ లీచ్ రూపకల్పనలో గ్యాలరీ మొదలిడిరి. అది పూర్తికాక మునుపే, సెప్టెంబరు 6వ తేదీన లెస్టర్ ఫోస్ జట్టుతో మొదటి ఆట జరిగినది. ఆర్సెనల్ 2-1 గోళ్ళతో గెలిచెను. గోలు చేసిన జార్జి జోబీ కాలికి దెబ్బ తగులగా, మోసికొనిపోవుటకు తగిన సాధనము లేక, పాలవాని బండిపై పంపిరని కథ కలదు. సౌకర్యములు అంతంత మాత్రమైనను జనము వచ్చిరి. ఊలిచ్‌లో ఎన్నడు చూడని వరుసలవి. మరుసటి యేట పేరునుండి ఊలిచ్ అను మాట తొలగిపోయెను.

విధి వైపరీత్యము చూడుడు. 1914లో మహాయుద్ధము వచ్చి, ఊలిచ్ ఆయుధాగారమున పనివారి సంఖ్య సుమారు 80,000కు పెరిగినది. జట్టు అచ్చటనే యున్నచో ఎంత జనము వచ్చియుందురో యనిపించును. కాని 1915 నుండి నాలుగేండ్లు లీగు ఆటలే నిలిచిపోయెను గనుక ఆ లెక్క వ్యర్థము. నారిస్ మాత్రము యుద్ధకాలమున సైన్యమునకు జనమును చేర్చుటలో, ఫుట్‌బాలు ఆటగాండ్ర పటాలమును కూర్చుటలో పాటుపడి, 1917లో సర్ బిరుదమును, అటుపై కర్నలు హోదాను పొందెను. 1918లో తూర్పు ఫుల్హామ్ నుండి పార్లమెంటు సభ్యుడాయెను.

1919లో జరిగిన దానిని కొంత వివరముగా చెప్పవలెను; ఆయన పేరునకు అంటిన మచ్చలలో ఇదియే పెద్దది. యుద్ధానంతరము మొదటి శ్రేణిని 20 జట్లనుండి 22కు పెంచిరి. రెండవ శ్రేణిలో మొదటి రెండు స్థానములు పొందిన డర్బీ, ప్రెస్టన్ పైకి వచ్చినవి. మొదటి శ్రేణిలో అడుగుననున్న చెల్సీ, టాటెన్‌హామ్ జట్లను నిలుపుకొనుటయే పూర్వాచారము. చెల్సీని నిలుపుకొనిరి. 1915లో మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ ఆటగాండ్రు కొందరు కూడబలుక్కొని ఆట ఫలితమును మార్చినందున చెల్సీకి అన్యాయము జరిగినదని అందరును ఒప్పిరి. మిగిలిన యొక్క స్థానమునకు ఓట్లు వేసిరి. ఆర్సెనల్‌కు 18, టాటెన్‌హామ్‌కు 8, బార్న్స్‌లీకి 5, ఊల్వర్‌హాంప్టన్‌కు 4 వచ్చెను. తక్కిన ఆరును మరి మూడు జట్లు పంచుకొనెను. 1915లో ఆర్సెనల్ రెండవ శ్రేణిలో ఐదవ స్థానముననుండినది! లీగు అధ్యక్షుడు జాన్ మెకెన్నా ఆర్సెనల్ యొక్క దీర్ఘకాల సేవను గుర్తింపవలెనని పలికెను. సేవయే కొలతయైనచో, 1888లో లీగును స్థాపించిన జట్లలో ఒకటియు, ఆర్సెనల్ కంటె ఒక మెట్టు పైననున్నదియు ఊల్వర్‌హాంప్టన్ గదా. ఆ వాదము నిలువదు. నారిస్ తెరవెనుక పనిచేసెననుటలో సందేహము తక్కువ. లంచమిచ్చెనని పలువురు వ్రాసిరి. దానికి ఇంతవరకు రుజువు దొరకలేదు. రుజువు లేని నేరమును చరిత్రగా చెప్పుట ఉపాధ్యాయులకు తగదు. ఆనాడు మొదటి శ్రేణిలో చేరిన ఆర్సెనల్ ఆ తరువాత ఎన్నడు క్రిందికి దిగలేదు.

నారిస్ ముక్కోపి. తన మాటకు ఎదురు చెప్పిన సహించువాడు కాడు. 1919లో నియమితుడైన మేనేజరు లెస్లీ నైటన్ తన జ్ఞాపకాలలో ఆ కష్టములను వర్ణించెను. ఏ ఆటగానికిని 1,000 పౌన్లకు మించి ఈయరాదనియు, పొట్టివారిని తీసికొనరాదనియు ఆజ్ఞలుండెనట. 1925లో నైటన్‌ను తొలగించి, పత్రికలో క్రొత్త మేనేజరు కొరకు ప్రకటన వేయించుచు, పెద్ద మొత్తములు పోసి ఆటగాండ్రను కొందునని తలచువారు రానక్కరలేదని సూచించెను. వచ్చినవాడు హర్బర్ట్ చాప్‌మన్. హడర్స్‌ఫీల్డును రెండు వరుస సంవత్సరములు ప్రథమస్థానమున నిలిపిన ఆ మేధావి మొదట చేసిన పని పెద్ద మొత్తము అడుగుట! ఆ యేటనే నారిస్ 64,000 పౌన్లతో హైబరీ నేలను కొని, పండుగ నాటి ఆటలపై నిషేధమును తొలగింపజేసెను.

చాప్‌మన్ కోరినవాడు సండర్లండు జట్టులోని ఛార్లీ బ్యూకన్. వెల 2,000 పౌన్లు. దానిపై మొదటి సీజనులో చేయు గోలుకు 100 పౌన్ల చొప్పున ఈయవలెను. ఆయన 21 గోళ్ళు చేసెను. లెక్క విద్యార్థులే వేసికొనగలరు. ఈ బ్యూకన్ పుట్టినది ప్లమ్‌స్టెడ్‌లోనే. బాల్యమున ఊలిచ్ జట్టు మైదానము వెంట తిరిగిన పిల్లవాడు. 1909లో ఆ జట్టు తరఫున కొన్ని ఆటలాడి, పదకొండు షిల్లింగుల ఖర్చు సొమ్ము ఈయనందున విడిచిపోయినవాడు. పదునారేండ్ల తరువాత ఆయనను రప్పించుటకు నియమమునకు మించి రహస్యముగా కొంత ముట్టజెప్పవలసి వచ్చెను. అదే నారిస్ మెడకు చుట్టుకొన్నది.

1927లో పత్రికలలో ఆరోపణలు రాగా ఫుట్‌బాలు అసోసియేషను విచారణ జరిపెను. బ్యూకన్‌కు చెల్లించిన సొమ్ము, క్లబ్బు ఖర్చుపై నడచిన కారు డ్రైవరు జీతము, జట్టు బస్సు అమ్మగా వచ్చిన 125 పౌన్లు నారిస్ భార్య ఖాతాలో జమపడుట - ఇవి బయటపడెను. లక్షణముగా వేల పౌన్లు క్లబ్బులో పెట్టినవాడు 125 పౌన్ల దగ్గర తొట్రుపడెను. తాను పెట్టినదానిలోనుండి తీసికొనుట తప్పు కాదని ఆయన భావము. కంపెనీ సొమ్ము వేరు, తన సొమ్ము వేరని న్యాయవాదుల కార్యాలయమున పదునెనిమిదేండ్లు గడపినవానికి తెలియకపోవునా? అసోసియేషను ఆయనను ఫుట్‌బాలు వ్యవహారములనుండి బహిష్కరించెను. పరువునష్టపు దావా వేసి 1929లో ఓడిపోయెను.

ఆ మరుసటి సంవత్సరమే ఆర్సెనల్ మొదటిసారి దేశపు కప్పు గెలిచెను. 1931, 1933, 1934లలో లీగు ప్రథమస్థానము దక్కెను. 1932లో గిలెస్పీ రోడ్డు స్టేషనుకు ఆర్సెనల్ అని పేరు పెట్టిరి. ఇవన్నియు నారిస్ బయటివానిగానే చూడవలసి వచ్చెను. 1934 జనవరిలో చాప్‌మన్ మరణించెను. ఆ యేడు జూలై 30వ తేదీన గుండెజబ్బుతో నారిస్ మరణించెను. 1913లో వ్రాసికొన్న 21 సంవత్సరముల కౌలు, నేల కొనకపోయినచో, సరిగా ఆ యేటనే ముగిసియుండెడిది. జట్టు 2006 వరకు హైబరీలోనే ఆడి, సమీపముననే మరియొక పెద్ద మైదానమునకు మారినది. చాప్‌మన్ విగ్రహము అచ్చట కలదు. నారిస్ విగ్రహము లేదు.