బంతి విసిరిన బడిపంతులు

క్రికెట్టు ఆటలో బౌలరు ఒక ఓవరు వేసి తొలగుతాడు. కొంత విశ్రమించి మరల బంతి పుచ్చుకుంటాడు. అమెరికావారి బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. అక్కడ బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. అతడు తొమ్మిది ఇన్నింగ్సులూ తానే విసరవచ్చును. కాని ఒక్కసారి తప్పించబడ్డాడా, ఆ పూట మరల ఆటలోనికి రాకూడదు. అట్లు మొదటివాడు అలసి, ప్రత్యర్థులు విజృంభించిన వేళ వచ్చి బంతి అందుకొనేవాడే రిలీఫ్ పిచర్. అదుపు తప్పిన తరగతిలోనికి గంట మధ్యలో ప్రవేశించి, మరొకరు విడిచిన పాఠాన్ని కొనసాగించవలసి వచ్చిన ఉపాధ్యాయునికి ఈ స్థితి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇరవయ్యవ శతాబ్ది తొలి సగంలో ఈ పనికి గౌరవం తక్కువ. ఆరంభంనుండి విసిరే సత్తా లేనివారికీ, వయసు మళ్ళినవారికీ అప్పగించే పనిగా దానిని తలచేవారు. ఆ తలపును సడలించినవారిలో జిమ్ కాన్‌స్టాంటీ ముఖ్యుడు.

ఆయన 1917 మార్చి 2వ తేదీన న్యూయార్కు రాష్ట్రంలోని స్ట్రైకర్స్‌విల్ అనే పల్లెలో జన్మించాడు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో చదివే రోజులలోనే పలు ఆటలలో ఆరితేరి, పట్టం పుచ్చుకొని, ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా చేరాడు. మన పిల్లల మాటలో చెప్పాలంటే డ్రిల్లు మాస్టారు. కళ్ళజోడు, నెమ్మదైన స్వభావం, మాటలలో పొదుపు, ఇవన్నీ బడికి తగినవే గాని ఆటస్థలానికి తగినవని ఎవరికీ తోచలేదు. సిన్సినాటి జట్టులో మొదటిసారి అగ్రశ్రేణి ఆట ఆడేనాటికి ఆయనకు 27 ఏండ్లు. అది 1944వ సంవత్సరం. మరుసటి యేడు నౌకాదళంలో గడిచింది. 1946లో బోస్టన్ జట్టు ఆయనను కొద్ది ఆటలలో మాత్రమే పరీక్షించి, దిగువ శ్రేణికి చెందిన టోరంటోకు పంపివేసింది. ముప్పయ్యవ పడిలో పడుతున్న ఆటగానికి అది సామాన్యంగా తిరుగులేని దారి.

టోరంటోలో ఆయనకు ఎడ్డీ సాయర్ మేనేజరుగా దొరికాడు. సాయర్ కూడ అధ్యాపకుడే. ఇథాకా కళాశాలలో జీవశాస్త్రం బోధించినవాడు. ఒక పంతులును మరొక పంతులు గుర్తించాడనడం అతిశయోక్తి కాదేమో! 1948లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ జట్టు భారం తనపై పడగానే సాయర్ ఈయనను వెంట రప్పించుకున్నాడు.

ఈ కథలో అన్నిటికంటె వింతైన పాత్ర మరొకటి ఉన్నది. కాన్‌స్టాంటీకి బంతి విద్యలో మెళకువలు దిద్దినవాడు బేస్‌బాల్ గురువు కాడు. మృతులకు అంత్యక్రియల ఏర్పాట్లు చేయడమే వృత్తిగా గల ఒక మిత్రుడు. ఈ మిత్రుడు బౌలింగు ప్రియుడు. నిలబెట్టిన కొయ్య పిన్నులను బంతి దొర్లించి పడగొట్టే ఆట అది. దొర్లే బంతికి ఏ తిప్పు ఇస్తే ఎటు మళ్ళుతుందో అతనికి తెలుసు. ఆ తెలివితోనే గాలిలో పోయే బంతినీ పరిశీలించి సలహాలు చెప్పేవాడు. కాన్‌స్టాంటీ విసురు గాడి తప్పినప్పుడెల్ల ఫిలడెల్ఫియాకు వచ్చి సరిచేసేవాడు. అసలు కాన్‌స్టాంటీకి గొప్ప వేగం లేదు. చివరి క్షణాన పక్కకు ఒరిగే స్లైడరూ, అరచేతిలో ఇముడ్చుకొని విసరగా అనుకున్నదానికంటె నెమ్మదిగా చేరే పామ్‌బాలూ ఆయన ఆయుధాలు.

1950వ సంవత్సరం వచ్చింది. ఫిల్లీస్ జట్టులో అధికులు ఇరవై చిల్లర యేండ్ల యువకులు. వారి నడుమ 33 ఏండ్ల ఈ కళ్ళజోడు మనిషి. ఆ యేడు ఆయన 74 ఆటలలో దిగాడు. ఒక్కటీ మొదటినుండి ఆడినది కాదు. 16 గెలుపులు, 7 ఓటములు ఆయన పేర పడ్డాయి. 152 ఇన్నింగ్సులు విసిరాడు. నేటి రిలీఫ్ పిచర్ తరచుగా ఒక్క ఇన్నింగ్సుతో సరిపుచ్చుకుంటాడన్నది గుర్తుంచుకుంటే ఆ శ్రమ తెలుస్తుంది.

సెప్టెంబరులో కర్ట్ సిమన్స్ అనే ప్రధాన పిచర్‌ను కొరియా యుద్ధ సందర్భంగా సైన్యం పిలుచుకున్నది. జట్టు ఆధిక్యం కరిగిపోసాగింది. అక్టోబరు 1న, లీగులోని ఆఖరి ఆటలో, రాబిన్ రాబర్ట్స్ పది ఇన్నింగ్సులు విసిరి బ్రూక్లిన్‌ను ఓడించాడు. 1915 తరువాత ఫిల్లీస్‌కు అదే మొదటి లీగు విజయం. కాని ఐదు రోజులలో మూడు ఆటలు ఆరంభించిన రాబర్ట్స్ చేయి సోలిపోయింది. మూడు రోజులలో న్యూయార్కు యాంకీస్‌తో వరల్డ్ సిరీస్. బంతి ఎవరికివ్వాలి?

సాయర్ కాన్‌స్టాంటీకి ఇచ్చాడు. యేడాది పొడవునా ఇతరుల ఆటలను ముగించినవానికి ఆనాడు ఆరంభించే పని దక్కింది. ఎనిమిది ఇన్నింగ్సులలో ఆయన ఇచ్చినది ఒక్కటే పరుగు. నాలుగవ ఇన్నింగ్సులో ఒక రెండు బేసుల దెబ్బ, ఆపై ఫీల్డర్ల చేతికి చిక్కిన రెండు ఎత్తు బంతులు. రన్నరు మెల్లగా ఇల్లు చేరాడు. అవతల విక్ రాస్చీ ఆ ఒక్క పరుగు కూడ ఇవ్వలేదు. ఫిల్లీస్ ఒకటి సున్నాతో ఓడింది, సిరీస్‌లోని నాలుగు ఆటలూ ఓడింది. మూడవ, నాలుగవ ఆటలలో కాన్‌స్టాంటీ మరల తన పాత పనికే దిగాడు.

అయినను ఆ యేడు నేషనల్ లీగులో అత్యంత విలువైన ఆటగాడుగా పత్రికా రచయితలు ఆయననే ఎన్నుకున్నారు. రిలీఫ్ పిచర్‌కు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం. అమెరికన్ లీగులో తరువాత కొందరికి దక్కినా, నేషనల్ లీగులో ఈయన తప్ప మరొకరు లేరు.

తరువాతి యేడే అదృష్టం తిరగబడింది. 4 గెలుపులు, 11 ఓటములు. 1954లో యాంకీస్ జట్టుకు మారి, 1955లో ఒకమారు మెరిసి, 1956తో ఆట విరమించాడు. న్యూయార్కు రాష్ట్రంలోని వనియోంటాలో ఆటవస్తువుల దుకాణం నడిపాడు. 1968 నుండి 1972 వరకు అక్కడి హార్ట్‌విక్ కళాశాలలో క్రీడాశాఖాధిపతిగా పనిచేశాడు. తిరిగి విద్యార్థుల మధ్యకే!

గెలుపును చేజారకుండ కాపాడిన రిలీఫ్ పిచర్‌కు సేవ్ అనే లెక్క కట్టడం అధికారికంగా మొదలైనది 1969లో. పాత పుస్తకాలు తిరగవేసి చూడగా 1950లో కాన్‌స్టాంటీ పేర 22 సేవులు తేలాయి. అప్పటికి ఆయన కళాశాల మైదానంలో ఉన్నాడు. 1976 జూన్ 11వ తేదీన, 59వ యేట, వనియోంటాలోనే కన్నుమూశాడు.