గాజు తొట్టిలో సముద్రం: ఫిలిప్ హెన్రీ గాస్ జీవితం

సముద్రం మన నగరానికి రోడ్డు మార్గాన దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అయినప్పటికీ చార్మినారు నీడలో పెరిగినవారికి సముద్రం బొత్తిగా అపరిచితం కాదు. పత్తర్‌గట్టి దుకాణాలలో వెనుకటి రోజుల నుండి బస్రా ముత్యాలు అమ్ముడుపోతున్నవి. ఉర్దూలో మూంగా అని, తెలుగులో పగడమని పిలుచుకొనే ఎర్రని రాయి మన పెద్దల ఉంగరాలలో మెరుస్తూనే ఉన్నది. కాని ఇవన్నీ ప్రాణం పోయిన వస్తువులు. పగడం నిజానికి గనిలో దొరికే రాయి కాదు, చెట్టు కొమ్మా కాదు. పూవువలె విచ్చుకొనే అతి చిన్న జంతువులు సున్నంతో కట్టుకొన్న నివాసం. ఆ జంతువులను ప్రాణంతో, సముద్రానికి దూరంగా, ఇంటిలోని గాజు తొట్టిలో పోషించవచ్చునని లోకానికి తెలియజెప్పినవారిలో అగ్రగణ్యుడైన ఫిలిప్ హెన్రీ గాస్ జీవితాన్ని మా పాఠకులకు పరిచయం చేయాలని సంకల్పించాము. పాతబస్తీలో ఎన్నో ఇళ్ళలో బంగారు చేపల తొట్టి ఉన్నది. దానిని చిన్న సముద్రంగా మార్చాలనే కోరిక కొందరు విద్యార్థులకైనా కలుగకపోదు. అట్టివారికి ఈ జీవితం వినోదం మాత్రమే కాదు, అవసరం కూడా.

గాస్ 1810 ఏప్రిల్ 6వ తేదీన ఇంగ్లండులోని వూస్టరు పట్టణంలో జన్మించారు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిత్తరువులు గీసి పొట్ట పోసుకొనే చిత్రకారుడు. ఇంట్లో ధనం లేదు. కుమారునికి దక్కిన ఆస్తి కుంచె పట్టే నేర్పు ఒక్కటే. పూల్ అనే రేవు పట్టణంలో బాల్యం గడిపి, 1827లో పదిహేడేళ్ళ ప్రాయంలో అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్లాండులోని కార్బొనీరుకు ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా వెళ్ళారు. అక్కడ 1832లో సూక్ష్మదర్శినిని గురించిన ఒక పాత పుస్తకం కొనడమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. లెక్కల పుస్తకాల నడుమ పురుగుల బొమ్మలు చేరనారంభించాయి.

తరువాతి కాలమంతా ఓటములే. కెనడాలో వ్యవసాయం చేశారు, కలిసిరాలేదు. 1838లో అలబామా రాష్ట్రంలో బడిపంతులుగా పనిచేశారు. అక్కడి బానిసత్వాన్ని కన్నులారా చూచి సహించలేక మరుసటి ఏడే స్వదేశానికి మరలారు. 1844లో పక్షుల సేకరణకై జమైకా వెళ్ళి పద్దెనిమిది నెలలు గడిపారు. అక్కడ శామ్యూల్ క్యాంప్‌బెల్ అనే నల్లజాతి యువకుడు ఆయనకు కుడిభుజమై నిలిచాడు. ఆ యువకుని నేర్పును గాస్ తన గ్రంథంలో పేరు పెట్టి ప్రశంసించారు. ఆ రోజులలో దొరలు సేవకుల పేర్లు గ్రంథాలకు ఎక్కించడం అరుదు గనుక దీనిని ప్రత్యేకించి పేర్కొనుచున్నాము.

1848లో ఎమిలీ బోస్ అనే రచయిత్రిని వివాహమాడారు. మరుసటి ఏడు కుమారుడు ఎడ్మండ్ కలిగాడు. 1852లో ఆరోగ్యం చెడిన గాస్, గాలి మార్పు కొరకు డెవన్ సముద్రతీరానికి చేరారు. ఇల్ఫ్రాకూమ్ వద్ద ఆటుపోట్ల మధ్య మిగిలే రాతి మడుగులలో మోకాలి లోతున దిగి గంటల తరబడి వెదకేవారు. అక్కడే ఎరుపు, బంగారు వన్నెలు గల ఒక చిన్న పగడపు జాతిని కనుగొని లోకానికి వెల్లడించారు. దాని శాస్త్రీయ నామంతోపాటు కనుగొన్నవానిగా గాస్ పేరు నేటికీ నిలిచి ఉన్నది.

అయితే ఈ పనిలో ఆయన ఒంటరి కాదు, మొదటివారూ కాదు. 1846లోనే అన్నా థిన్ అనే మహిళ టార్కీ తీరం నుండి పగడాలను రాతి జాడీలో లండనుకు తెచ్చి, గాలి కలియడానికై నీటిని ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి చేతితో పోయిస్తూ వాటిని బ్రతికించింది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో ఒక మంచినీటి తొట్టిలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను, నత్తలను ఉంచి, చేప విడిచిన వాయువు మొక్కకును, మొక్క విడిచిన ప్రాణవాయువు చేపకును ఉపకరిస్తాయని, కుళ్ళిన ఆకును నత్త తిని శుభ్రపరుస్తుందని నిరూపించాడు. 1852లో ఇదే సూత్రాన్ని ఉప్పునీటికి వర్తింపజేశాడు. మంచినీటి తొట్టి నుండి సముద్రపు తొట్టికి వేసిన తొలి అడుగులలో ఇది ఒకటి.

గాస్ స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని సాధించారు. ఆయన ప్రత్యేకత ఏమనగా, ప్రయోగశాలలోని విషయాన్ని ఆయన సామాన్యుని ఇంటికి చేర్చారు. 1853 మే నెలలో లండన్ జంతుప్రదర్శనశాలలో తొలి బహిరంగ మత్స్యశాల తెరచినప్పుడు, అందులోని సముద్ర జీవులను అనేకంగా సమకూర్చినది ఆయనే. 1854లో ఆయన గ్రంథం వెలువడింది. అప్పటివరకు పండితులు పలుకనలవికాని జంట పదాలతో పిలుస్తున్న ఆ తొట్టికి అక్వేరియం అనే పేరును స్థిరపరచినది ఆ గ్రంథమే. అందలి రంగుల బొమ్మలకు మూలచిత్రాలు ఆయనే గీశారు. తండ్రి ఇచ్చిన ఆస్తి ఇక్కడ వడ్డీతో చేతికి వచ్చింది!

మనవంటి లోతట్టు నగరవాసులకు అన్నిటికన్న ముఖ్యమైనది ఆయన చేసిన కృత్రిమ సముద్రజలం. అదే 1854లో, సముద్రజలాన్ని విశ్లేషించిన రసాయనజ్ఞుల లెక్కలను ఆధారం చేసుకొని, దాదాపు నాలుగున్నర లీటర్ల మంచినీటిలో సుమారు 100 గ్రాముల మామూలు ఉప్పు, 7 గ్రాముల ఎప్సం ఉప్పు, 13 గ్రాముల మెగ్నీషియం క్లోరైడు, రెండున్నర గ్రాముల పొటాషియం క్లోరైడు కలిపారు. మొదట సముద్రపు నాచును మాత్రమే అందులో వేసి, కొన్ని రోజులు ఆగి, ఆ తరువాతనే జంతువులను వదిలారు. అవి బ్రతికాయి. తీరం నుండి పీపాలతో నీరు మోసుకొని రావలసిన అగత్యం అంతటితో తీరింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసినది ఉన్నది. గాస్ మిశ్రమంలో సున్నపు లవణాలు లేవు. సులభంగా కరగవనియో, స్వల్పమనియో వాటిని విడిచిపెట్టారు. మెత్తని శరీరం గల జీవులకు అది చాలవచ్చును గాని, సున్నంతో ఇల్లు కట్టే పగడానికి చాలదు. సముద్రజలంలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నేడు పొట్లాలలో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాలలో అదీ ఉన్నది. దానిని లీటరుకు సుమారు 35 గ్రాముల లవణం చొప్పున కలుపుతారు. బంగారు చేప ఈ నీటిలో బ్రతుకదు. దానిని ముందుగానే వేరొక తొట్టికి మార్చాలి. వెనుక చేపల రోగానికి రాగి కలిసిన మందు వాడిన తొట్టి అయితే ఆ ఇసుకను, గులకరాళ్ళను పారవేయడమే మేలు. వాటిలో మిగిలిన రాగి పగడానికి, రొయ్యకు విషం.

నాచు వేసి కొన్నాళ్ళు వేచి ఉండడంలోని అసలు రహస్యం గాస్‌కు పూర్తిగా తెలియదు. జంతువుల విసర్జనలోని అమ్మోనియాను నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను వినోగ్రాడ్‌స్కీ వేరుపరచి చూపింది 1890లో, అనగా గాస్ మరణించిన రెండేళ్ళకు. మంచినీటి తొట్టిలోని ఈ సూక్ష్మజీవుల సంతతి ఉప్పునీటిలో చాలవరకు నశిస్తుంది గనుక, పాత తొట్టి అయినా కొత్తదానివలెనే అయిదారు వారాలు ఖాళీగా ఎదురుచూడక తప్పదు. తొట్టి ఎంత చిన్నదైతే అంత చంచలం. మన మే నెల ఎండకు నీరు ఆవిరి అవుతుంది, ఉప్పు కాదు. తరిగిన నీటిని మంచినీటితో భర్తీ చేయాలే తప్ప ఉప్పునీటితో కాదు. పగడాలకు హితమైన వేడి 24 నుండి 27 డిగ్రీలు. హైదరాబాదులో ఎండ 40 దాటిన రోజున ఉప్పు కొలత కన్న తొట్టిని చల్లగా ఉంచడమే కష్టమని మా అభిప్రాయం.

ఇక గాస్ కథలోని విషాదానికి వద్దాము. గాజుపై పన్ను 1845లో తొలగింది, రైళ్ళు తీరాలకు చేరాయి, ఆయన పుస్తకం చేతికందింది. ఇంగ్లండులో ఇంటింటా తొట్టి వెలసింది. జనం సుత్తులు, బుట్టలు పట్టుకొని రాతి మడుగులపై పడ్డారు. ఎంచుకున్నవారు కొందరు, ఎత్తుకుపోయినవారు వేలమంది. తొట్టిలో రెండు వారాలకు నీరు కుళ్ళితే మళ్ళీ తీరానికే పరుగు. యుగయుగాలుగా మనిషి చేయి సోకని మడుగులు కొద్ది ఏండ్లలోనే బోసిపోయాయి. తండ్రి రాసిన పుస్తకాలే ఇందుకు దారి చూపాయని, ఆ సంగతి ఆయనను ఎంతో బాధించిందని కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రచురించిన జ్ఞాపకాలలో వివరించాడు. మన దేశంలో పగడపు దిబ్బలను కట్టే పగడాలన్నిటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. రామేశ్వరం నుండి గాని, అండమాను నుండి గాని ఒక్క ముక్క తెచ్చినా నేరమే.

1857 ఫిబ్రవరిలో ఎమిలీ క్యాన్సరు వ్యాధితో మరణించింది. ఆ ఏడే, భూమి వయస్సును గురించి భూగర్భ శాస్త్రానికి, తన మతగ్రంథానికి సంధి కుదర్చబూని గాస్ ఒక పుస్తకం రాశారు. ఉభయ పక్షాలవారూ దానిని ఆదరించలేదు. అదే ఏడు లండను విడిచి, చిన్నవాడైన కుమారుని వెంటబెట్టుకొని డెవన్‌లోని సెయింట్ మేరీచర్చికి వెళ్ళిపోయారు. కాని పని విడువలేదు. బ్రిటిష్ తీరంలోని సీ అనిమోన్‌లను, పగడాలను గురించిన బృహద్గ్రంథాన్ని 1860 నాటికి పూర్తి చేశారు. అదే ఏడు ఎలైజా బ్రైట్‌వెన్‌ను వివాహమాడారు. వార్ధక్యంలో దృష్టిని నీటి నుండి ఆకాశానికి మళ్ళించి, దూరదర్శినితో నక్షత్రాలను చూడనారంభించారు. చలిరాత్రులలో అలా చూస్తూ జబ్బుపడి, 1888 ఆగస్టు 23న తనువు చాలించారు.