పన్నెండేళ్లు జవాబు రాలేదు, రామదాసు అడగడం మానలేదు

ఈ వారం వీడియోలో భద్రాచల రామదాసు గారి జీవితం చెప్పాం కదా. టైం సరిపోక వదిలేసిన సంగతి ఒకటుంది. నా లెక్కలో అసలు విషయం అదే, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. గ్రూప్స్ అని, డీఎస్సీ అని, సాఫ్ట్‌వేర్ కోర్సులని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. గురువారం సాయిబాబా గుడి క్యూలో వాళ్లతో మాట కలిపితే చివరికి ఒకటే ప్రశ్న వస్తుంది. ఇన్నేళ్లుగా మొక్కుతున్నాం, అసలు వింటున్నాడా? అలా అనేసి, డౌట్ వచ్చిందంటే నా భక్తి పోయినట్టేనా అని వాళ్లే కంగారు పడతారు. వాళ్లకి నేను చెప్పేది గోపన్న కథ.

రామదాసు గారి అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దం మనిషి. ఊరు ఖమ్మం దగ్గర నేలకొండపల్లి. ఎల్బీ నగర్‌లో నిలబడి మనం భద్రాచలం బస్సు ఎక్కుతామే, ఆ బస్సు వెళ్లేది ఆయన సొంత గడ్డ మీదకే. మేనమామలు అక్కన్న, మాదన్న గోల్కొండ నవాబు తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉండేవాళ్లు. ఆ అండతో గోపన్నకి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. పని ఏమిటంటే శిస్తు వసూలు చేసి గోల్కొండకి పంపడం.

ఆ పరగణాలోనే భద్రాచలం. పోకల దమ్మక్క అనే భక్తురాలు అక్కడ చిన్న పందిరి కింద సీతారాములని కొలిచేదని చెబుతారు. గోపన్నకి ఆ పందిరి చూసి మనసు ఆగలేదు. గుడి మొదలుపెట్టాడు. పోగైన చందాలు చాల్లేదు. ఖజానాకి పంపాల్సిన సొమ్ము గుడికి ఖర్చయింది. ఆరు లక్షలని సంప్రదాయం చెబుతుంది.

ఇక్కడ చాలామంది తానీషాని విలన్ చేసేసి ముందుకెళ్లిపోతారు. నాకది సరైన పని అనిపించదు. సర్కారు సొమ్ము, పై అనుమతి లేని ఖర్చు. ఇవాళ ఏ ఆఫీసర్ చేసినా సస్పెన్షన్, కేసు తప్పవు. గోపన్నకి ఈ సంగతి తెలియదా? తెలుసు. అందుకే జైల్లో ఆయన బాధ రెండింతలని నేననుకుంటాను. రాముడు నన్ను వదిలేశాడా అన్నది ఒకటి. అసలు నేను చేసింది రాముడి పనేనా, నా ఇష్టమా అన్నది రెండోది. ఊరికే కష్టం వస్తే దేవుణ్ణి అడగొచ్చు. మన చేత్తో చేసిన పని వల్ల కష్టం వస్తే ఎవర్ని అడుగుతాం?

గోల్కొండ కోటలో ఆ బందిఖానా ఇప్పటికీ ఉంది. చీకటి రాతి గది. గోడ మీద చెక్కిన దేవుడి బొమ్మలు ఆయన చేతివేనంటారు. అక్కడ పన్నెండేళ్లు, కొరడా దెబ్బలతో సహా.

ఆ రోజుల్లో పుట్టినవని చెప్పే కీర్తనలు వినండి. ఓపిగ్గా, శాంతంగా కూర్చున్న భక్తుడు కనిపించడు. ఇక్ష్వాకు కులతిలక కీర్తనలో ఆయన ఏకంగా లెక్క తీశాడు. భరతుడికి ఏ నగ, శత్రుఘ్నుడికి ఏది, లక్ష్మణుడికేది, సీతమ్మకేది, ఒక్కోదానికి ఎన్ని వేలు పట్టాయి, అన్నీ. ఇదంతా మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అనే దాకా వెళ్లాడు. తహసీల్దారు కదా, కోపంలో కూడా పద్దు రాసినట్టే ఉంటుంది. అదే పాటలో మళ్లీ దిగొచ్చి, దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అని బతిమాలాడు. ఇంకో పాటలో సీతమ్మ దగ్గరికి పోయి, ఏకాంతంలో ఆయనకి నా సంగతి కాస్త చెప్పమ్మా అని సిఫారసు అడిగాడు.

తిట్టాడు, లెక్కలు అడిగాడు, సారీ చెప్పాడు, సిఫారసు పెట్టాడు. మాట్లాడటం మాత్రం మానలేదు. లేడనుకున్నవాణ్ణి ఎవరూ అంతసేపు తిట్టరండి.

పన్నెండేళ్లు ఎందుకు పట్టిందంటే పెద్దలు ఒక కథ చెబుతారు. వెనకటి జన్మలో చిలకని పంజరంలో పెట్టాడు, దానికిదీ ఫలం అని. చిన్నప్పటి నుంచీ వింటున్నాను, ఇప్పటికీ నాకు సరిపోలేదు. చీకటి గదిలో ఉన్నవాడికి ఆ కథ చెబితే ఏం ఊరట? వాడికి కావలసింది కారణం కాదు, తోడు. ఆ తోడు ఆయనకి పాటలోనే దొరికిందని నాకనిపిస్తుంది. పాడుతున్నంతసేపూ ఎదురుగా ఒకరున్నట్టే కదా.

విడుదల కథ మీకు తెలిసిందే. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అని చెప్పుకున్న ఇద్దరు తానీషా దగ్గరికి వచ్చి, బాకీ మొత్తం రామటెంకాల్లో కట్టి, రసీదు తీసుకుని వెళ్లిపోయారు. ఇందులో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు ఒకటుంది. దర్శనం ఎవరికైంది? నవాబుకి. ఇన్నేళ్లు పిలిచిన గోపన్నకి దక్కింది రసీదు. రాముడొచ్చి వెళ్లాడని తెల్లారాక మరొకరు చెబితే తెలిసింది. నాకు కనపడకుండా పోయావా అని అప్పుడు కూడా ఏడ్చాడట. జైలు తలుపు తెరిచిన రోజు కూడా కొంత కొరత మిగిలే ఉంది. అయినా ఆ మనిషి నేరుగా వెళ్లింది భద్రాచలానికే.

చరిత్రలో ఆ తర్వాతవి త్వరత్వరగా జరిగిపోయాయి. 1686లో అక్కన్న, మాదన్న హత్యకి గురయ్యారు. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు. తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించారు. 1699లో అక్కడే చనిపోయాడు. లెక్కేస్తే ఆయనదీ దాదాపు పన్నెండేళ్లే. దీన్ని శిక్ష అని చెప్పేవాళ్లున్నారు, నేను మాత్రం అనను. రాముణ్ణి కళ్లారా చూశాడని మన కథే చెబుతున్న మనిషి ఆయన.

తర్వాతి కాలంలో తిరువయ్యూరులో త్యాగరాజస్వామి క్షీరసాగర శయన అని పాడుతూ, నన్ను చింతల్లో పెట్టడం నీకు తగునా అని అడిగారు. గజేంద్రుణ్ణి కాచిన సంగతీ, ద్రౌపది మానం కాపాడిన సంగతీ గుర్తుచేసి, వాటి పక్కనే రామదాసు చెర విడిపించిన సంగతి కూడా విన్నానన్నారు. పురాణాల్లో వాళ్ల వరసలో మన ఖమ్మం తహసీల్దారు! ఆ చీకటి గదిలో ఉన్నప్పుడు గోపన్నకి ఈ సంగతి తెలిసే దారే లేదు.

భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు పంపే ఆనవాయితీ తానీషా మొదలుపెట్టిందేనని చెబుతారు. శ్రీరామనవమికి లైవ్ పెట్టుకున్నప్పుడు ఆ ముత్యాలు వచ్చే ఘట్టం మిస్ అవకండి. జై శ్రీరామ్.