అవిసె నారతో విమానం: డాక్టర్ డీ బ్రూయిన్

మన మైదుకూరు పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కడం పెద్దలందరికీ గుర్తుండే ఉంటుంది. ఒట్టి మట్టి నెర్రెలు బారుతుంది, గడ్డి దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ కిటుకునే విమానానికి వాడిన తొలి శాస్త్రజ్ఞులలో నార్మన్ డీ బ్రూయిన్ గారొకరు.

1904లో చిలీ దేశంలో జన్మించారు. కేంబ్రిడ్జిలో చదివారు. 1934లో స్నార్క్ అనే నాలుగు సీట్ల చిన్న ప్లైవుడ్ విమానం తయారుచేశారు. ఆ రోజుల్లో చెక్క విమానాలకు జిగురే గండం. పాల నుంచి తీసే కేసిన్ జిగురు తేమ తగిలితే చెడిపోయేది. అందుకని 1937లో ఏరోలైట్ అనే రసాయన జిగురు తెచ్చారు.

అవిసె నారను రెజిన్‌లో తడిపి, వేడిమీద అదిమి, గట్టి పలకలు చేయించారు. రెండో ప్రపంచయుద్ధంలో అల్యూమినియం కరువొస్తుందన్న భయంతో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం మొండెం ఒకటి ఈ పదార్థంతోనే కట్టారు. కరువు రాలేదు, మొండెం ప్రయోగంగానే మిగిలిపోయింది. ఇంజనీరుకు అంతకన్నా కష్టమేముంటుంది? జిగురు మాత్రం నిలిచింది. మస్కిటో అనే చెక్క యుద్ధవిమానాలకు కేసిన్ మాని ఏరోలైట్ వాడారు. 1941లో లోహాన్ని లోహానికి అతికించే రీడక్స్ కూడా ఆయనే కనిపెట్టారు.

1997లో కన్నుమూశారు. అంతకు నాలుగేళ్ల ముందు, 1993లో, మన బెంగళూరు జాతీయ ప్రయోగశాల వారి హంస శిక్షణ విమానం ఎగిరింది. దాని ఒళ్లు గాజునార, రెజిన్‌లతో చేసిందే.